అదను, పదను, పట్టా
సేద్యపు మాటల వెనుక ఉన్న నేల

హిందీ న్యాయపరిభాషలో ‘పట్టేదార్’ అన్న మాట ఒకటి ఉన్నది. ఇతరుని భూమిని నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రతిఫలానికి అనుభవించే వ్యక్తి అని దాని అర్థం. తెలుగులో ‘పట్టాదారు’ అన్న మాట వినని పల్లె లేదు. రెవెన్యూ లెక్కలలో తన పేరిట హక్కు నమోదై ఉన్న భూస్వామి అని ఈ మాటకు అర్థం. రెండు మాటలకూ మూలం ఒక్కటే. రూపమూ దాదాపు ఒక్కటే. కాని ఒకచోట అది కౌలుకు తీసుకొన్నవానిని చెబుతుంది, మరొకచోట భూమిగల ఆసామిని చెబుతుంది. హిందీలో వచ్చిన ఒక ప్రకటనలోని ‘పట్టేదార్’ను తెలుగు చేసేవారు ఏమరుపాటున ‘పట్టాదారు’ అని వ్రాసినచో, కౌలుదారునికి ఉద్దేశించిన సదుపాయం కాగితం మీదనే చేతులు మారిపోతుంది.

వ్యవసాయానికి సంబంధించిన మాటలు పైకి అతి సామాన్యంగా కనిపిస్తాయి. ఖరీఫ్, రబీ, మెట్ట, మాగాణి, మద్దతు ధర, సాధారణ వర్షపాతం వంటివి దినపత్రికలలోను, ఆకాశవాణి కార్యక్రమాలలోను నిత్యం వినబడేవే. అయితే ఈ మాటలన్నీ ఒకే చోట పుట్టినవి కావు. కొన్ని పొలంలో పుట్టినవి. కొన్ని కచేరీలో పుట్టినవి. మరికొన్ని ప్రయోగశాలలోను, గణాంక కార్యాలయాలలోను రూపొందినవి. ఒక చోట పుట్టిన మాట మరొక చోటికి ప్రయాణించినప్పుడు దాని అర్థం కొంత మారుతుంది. ఆ మార్పును గమనించకపోతే కలిగే నష్టాన్ని చివరకు భరించవలసినవాడు సేద్యగాడే. అందువల్ల ఈ మాటలలో ముఖ్యమైన కొన్నింటి పుట్టుకను, వ్యాప్తిని, నేటి వ్యవహారంలో వాటి ఖచ్చితమైన అర్థాన్ని తెలుసుకొనడం అవసరం.

పంటకాలాల పేర్లు

‘ఖరీఫ్’ అంటే అరబ్బీ భాషలో శరదృతువు. ‘రబీ’ అంటే వసంతం. మన దేశంలో ఖరీఫ్ పంట వానకాలం ఆరంభంలో, అంటే జూన్, జూలై మాసాలలో వేసేది. రబీ పంట అక్టోబరు, నవంబరు మాసాలలో విత్తేది. అటువంటప్పుడు వీటికి శరత్తు, వసంతం అన్న పేర్లు ఎందుకు వచ్చాయి? పంట వేసే కాలాన్ని బట్టి కాక, పంట చేతికి వచ్చే కాలాన్ని బట్టి ఈ పేర్లు ఏర్పడ్డాయి. మొగలాయీల పరిపాలనలో ఇవి భూమిశిస్తు పరిభాషలో స్థిరపడినవి. శిస్తు వసూలు చేసేవాని దృష్టి కోతమీద ఉంటుంది కదా!

తెలుగు రైతు మాట దీనికి భిన్నమైనది. అతడు మొదటి పంటను ‘తొలకరి’ పంట అంటాడు. తొలకరి అంటే తొలివాన. అతని చూపు కోతమీద కాదు, విత్తనం మీద ఉన్నది. రాయలసీమలోను, కర్ణాటకలోను వినబడే ‘ముంగారి’, ‘హింగారి’ అన్న మాటలు కూడా ఇటువంటివే. ముందు వచ్చే వానల పైరు ముంగారి. వెనుక వచ్చే వానల పైరు హింగారి. ఒకే పంటను కచేరీ ఒక కొననుండి, పొలం మరొక కొననుండి చూచినట్లు ఈ పేర్లు చెబుతున్నాయి.

మూడవ కాలమైన ‘జాయద్’ మార్చినుండి జూన్ వరకు ఉంటుంది. ఉత్తరాదిన పుచ్చ, దోస, పెసర వంటివి ఈ కాలంలో పండిస్తారు. జాయద్ అంటే అదనమైనది అని అర్థం. తెలుగులో మనం వాడే ‘జాస్తి’ అన్న మాటకూ అదే ధాతువు మూలం.

తెలంగాణ ప్రాంతంలో వరి పంటకు ‘ఆబీ’, ‘తాబీ’ అన్న పేర్లు వ్యవహారంలో ఉండేవి. పారసీకంలో ఆబ్ అంటే నీరు, తాబ్ అంటే వేడి. వానకాలపు వరి ఆబీ, ఎండకాలపు వరి తాబీ. నేడు తెలంగాణ ప్రభుత్వ వ్యవహారంలో ఖరీఫ్, రబీలకు బదులు ‘వానకాలం’, ‘యాసంగి’ అన్న ప్రజల మాటలే వాడుతున్నారు. యాసంగి అన్నది వేసంగికి రూపాంతరం. కన్నడంలోని ‘బేసిగె’ దీనికి బంధువే.

కోస్తా డెల్టాలలో వరికి ‘సార్వా’, ‘దాళ్వా’ అన్న పేర్లు ఉన్నవి. కాలువల క్రింద వానకాలంలో వేసే మొదటి పంట సార్వా. శీతకాలంలో నాటి ఎండకాలంలో కోసే రెండవ పంట దాళ్వా. పొరుగున ఉన్న ఒడిశాలో వేసవి వరిని ‘దాలువా’ అని పిలుస్తారు. రెండు భాషల రైతులు ఒకే రకమైన పంటకు ఒకే మాటను పంచుకొన్నారు. వంగదేశంలో వరి పంటలు ఆవుస్, ఆమన్, బోరో అని మూడు. ఆవుస్ అన్నది సంస్కృతంలోని ‘ఆశు’ శబ్దంనుండి వచ్చినది. త్వరగా పండేది అని అర్థం. అస్సాంలో అదే మాట ‘ఆహు’ అయినది. అక్కడి ప్రధాన పంట ‘శాలి’. తెలుగు కావ్యాలలో వరికి వాడే మాట కూడా ‘శాలి’యే. తమిళనాడులో కురువై, సాంబా, తాళడి అనీ, కేరళలో విరిప్పు, ముండకన్, పుంచ అనీ వరి కాలాలకు పేర్లు ఉన్నవి.

ఇన్ని పేర్లకు బదులు ఖరీఫ్, రబీ అన్న రెండు మాటలతో సరిపెట్టుకొనరాదా అని కొందరికి తోచవచ్చును. దేశమంతటి లెక్కలు కట్టడానికి ఆ రెండు మాటలు నిస్సందేహంగా అవసరమే. కాని వాటి పరిమితి కూడా తెలిసి ఉండాలి. పంజాబులో రబీ అంటే ప్రధానంగా నీటి వసతి క్రింద పండే గోధుమ. కర్నూలు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలలలో రబీ అంటే భూమిలో నిలిచిన తేమమీదనే ఆధారపడి పండే శనగ, జొన్న. గోదావరి డెల్టాలో రబీ అంటే కాలువ నీటితో పండే దాళ్వా వరి. తమిళ దేశపు కోస్తాలో అధిక వర్షం ఈశాన్య రుతుపవనాలవల్ల అక్టోబరునుండి డిసెంబరు వరకు కురుస్తుంది. అందువల్ల ఆగస్టులో మొదలై జనవరిలో కోతకు వచ్చే సాంబా వరి ఈ రెండు గదులలో దేనిలోను సరిగా ఇమడదు. ‘రబీకి ఈ సలహా పాటించండి’ అని దేశమంతటికీ ఒకే మాట చెప్పినచో, అది కొందరికే వర్తిస్తుంది.

కచేరీ పరిభాషలో మరొక మాట ‘ఫసలీ’. ఫసల్ అంటే పంట. అక్బరు కాలంలో పంటలను, శిస్తు వసూళ్లను సమన్వయం చేయడానికి ఏర్పడిన సంవత్సరం ఇది. మన రెవెన్యూ లెక్కలలో ఇది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. 2024 జూలైనుండి 2025 జూన్ వరకు గల సంవత్సరం ఫసలీ 1434. పాత అడంగలును, పహాణీని చదివేవారికి ఈ లెక్క తెలియనిదే కాలం బోధపడదు.

కార్తెలు

సూర్యుడు 27 నక్షత్రాలలో ఒక్కొక్కదానిలో ఉండే కాలం కార్తె. ఇది సుమారు 13, 14 రోజులు. రోహిణి కార్తె మే మాసాంతంలోను, మృగశిర జూన్ మొదటి వారం చివరను, ఆర్ద్ర జూన్ 22 ప్రాంతంలోను, హస్త సెప్టెంబరు చివరి వారంలోను ప్రవేశిస్తాయి.

చైత్రాది మాసాలు ఉండగా రైతు కార్తెలను ఎందుకు పట్టుకొన్నాడు? చాంద్రమాసాలు సూర్యగతితో సమంగా నడవవు. అధిక మాసం వచ్చినప్పుడు పండుగలు ముందువెనుకలవుతాయి. రుతుపవనాలు మాత్రం సూర్యుని గమనాన్ని అనుసరిస్తాయి. కార్తె సూర్యునిమీద ఆధారపడినది కనుక ప్రతి ఏడూ దాదాపు అదే తేదీకి వస్తుంది. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సగటు తేదీ జూన్ 1. ఆ తరువాత కొద్దిరోజులలో మృగశిర ప్రవేశిస్తుంది. తెలుగునాట విత్తడానికి ఇది తొలి సంకేతం.

ఈ లెక్క తెలుగువారికి మాత్రమే పరిమితం కాదు. కన్నడ రైతులు వానలను రోహిణి మళె, మృగశిర మళె అని నక్షత్రాల పేర్లతోనే పిలుస్తారు. మహారాష్ట్రలో ‘మృగ నక్షత్రం’ కొరకు ఎదురుచూస్తారు. బీహారులో హస్త నక్షత్రపు వానను ‘హథియా’ అంటారు. వరి పొట్టమీద ఉండే సమయంలో కురిసే ఆ వాన తప్పినచో అక్కడి పంట దెబ్బతింటుంది. కేరళలో ఈ కాలఖండాలకే ‘ఞాట్టువేల’ అని పేరు. తిరువాతిర ఞాట్టువేల, అంటే మన ఆర్ద్ర కార్తె, మిరియపు తీగలు నాటడానికి అనువైనదని వారి అనుభవం. భాషలు వేరైనా ఆకాశంలోని గుర్తులు ఒకటే.

అయితే కార్తె అనేది సగటు అనుభవమే గాని వాగ్దానం కాదు. నక్షత్ర సంవత్సరానికీ, ఋతువుల సంవత్సరానికీ మధ్య ఉన్న స్వల్ప భేదంవల్ల కార్తెల తేదీలు సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతున్నవి. వానల రాకలోనూ ఏటేటా హెచ్చుతగ్గులు ఉంటాయి. కనుకనే కార్తెను చూచిన రైతు వెంటనే నేలనూ చూస్తాడు.

అదను, పదను

ఈ సందర్భంలో తెలుగు భాష రెండు చక్కని మాటలను ఇచ్చినది. ‘అదను’ అంటే తగిన కాలం. ‘పదను’ అంటే నేలలో తగిన తేమ. కాలం వచ్చినంత మాత్రాన పదను ఉండదు; పదను ఉన్నంత మాత్రాన అదను కాదు. రెండూ కలిసిన కొద్ది రోజులలోనే విత్తు పడాలి. ఎర్రనేల త్వరగా ఆరిపోతుంది కనుక అక్కడ పదను నిలిచేది కొద్దికాలమే. నల్లరేగడి తడిసినప్పుడు బంకగా నాగలికి అంటుకొంటుంది. ఎండినప్పుడు రాయివలె బిగుసుకొంటుంది. ఆ రెండు స్థితుల నడుమ ఉన్నదే పదను. పిడికెడు మట్టిని తీసుకొని నొక్కితే ముద్ద కావాలి, విడిచితే పొడిగా రాలాలి. రైతు దీనిని చేతితోనే తెలుసుకొంటాడు.

కన్నడంలో దీనినే ‘హద’ అంటారు. తెలుగులోని పదను, కన్నడంలోని హద ఒకే ధాతువునకు చెందినవి. మరాఠీలో ‘వాఫ్సా’ అనీ, పంజాబులో ‘వత్తర్’ అనీ పిలుస్తారు. ఉత్తరాదిన గోధుమ విత్తడానికి ముందు పొలానికి ఒకమారు నీరు పెడతారు. హిందీ ప్రాంతంలో దీనిని ‘పలేవా’ అనీ, పంజాబులో ‘రౌణీ’ అనీ అంటారు. ఆ నీరు ఇంకి వత్తర్ వచ్చిన తరువాతనే విత్తుతారు. వాననీటి పదను అయినా కాలువనీటి పదను అయినా విత్తనానికి కావలసినది ఒక్కటే: వేరుకు తేమ, తేమతోపాటు గాలి. కనుక ఇట్టి సందర్భాలలో ‘తేమ ఉన్నప్పుడు విత్తవలెను’ అన్న అనువాదం చాలదు. తేమ బురదలోనూ ఉంటుంది. ‘పదనులో విత్తవలెను’ అంటేనే అర్థం పూర్తిగా చేరుతుంది.

వాన లెక్కలు

వర్షాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక చదరపు మీటరు నేలమీద ఒక లీటరు నీరు. ఆ లెక్కన ఎకరంమీద ఒక మిల్లీమీటరు వాన సుమారు 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన ఇంచుమించు లక్ష లీటర్లు. 2.5 మిల్లీమీటర్లు లేక అంతకుమించి కురిసిన రోజును మాత్రమే వాతావరణ శాఖ ‘వర్షపు రోజు’గా లెక్కిస్తుంది.

మరింత జాగ్రత్తగా గ్రహించవలసిన మాట ‘సాధారణ వర్షపాతం’. జూన్‌నుండి సెప్టెంబరు వరకు దేశం మొత్తంమీద కురిసే వాన దీర్ఘకాలిక సగటు 87 సెంటీమీటర్లు. 1971 నుండి 2020 వరకు గల రికార్డులనుబట్టి ఈ సగటు కట్టారు. దేశమంతటికి కలిపి ఇందులో 96 నుండి 104 శాతం వరకు కురిస్తే అది సాధారణం. కాని జిల్లాలకు, చిన్న ప్రాంతాలకు వేరొక కొలత ఉన్నది. అక్కడ సగటుకంటె 19 శాతం తక్కువ కురిసినా, 19 శాతం ఎక్కువ కురిసినా ‘సాధారణం’ అనే అంటారు. 20 శాతం తగ్గినప్పుడే ‘లోటు’ అవుతుంది. పైగా నెలరోజులు చినుకు లేక, తరువాత మూడు రోజులలో కుంభవృష్టి కురిసినా మొత్తం సాధారణంగానే తేలవచ్చును. ‘ఈ ఏడు వర్షపాతం సాధారణం’ అన్న వార్తను చదివి పట్టణవాసి నిశ్చింతగా ఉండగా, అదే జిల్లాలో పైరు వాడిపోయిన రైతు విస్తుపోవడానికి కారణం ఇదే. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఒక మాట రెండు కొలతలతో పనిచేస్తున్నది.

నేల రకాలు, కొలతలు

నీటి వసతినిబట్టి తెలుగులో నేలను మాగాణి, మెట్ట అని విభజిస్తారు. మాగాణికే పల్లం అని మరొక పేరు. తమిళంలో వీటిని నంజై, పుంజై అంటారు. హైదరాబాదు సంస్థానపు లెక్కలలో ఇవే తరీ, ఖుష్కీ అయినవి. పారసీకంలో తర్ అంటే తడి, ఖుష్క్ అంటే పొడి.

‘జిరాయితీ’ అన్న మాట మరింత తిరుగుడు పడినది. మూలమైన అరబ్బీలో దీనికి వ్యవసాయం అని మాత్రమే అర్థం. మరాఠీ లెక్కలలో ‘జిరాయత్’ అంటే వానమీద ఆధారపడిన మెట్ట నేల. నీటి వసతిగల తోట భూమి ‘బాగాయత్’. కోస్తా ఆంధ్ర లెక్కలలో జిరాయితీ అంటే సర్కారుకు శిస్తు చెల్లించే రైతు భూమి. ఇనాముకు, బంజరుకు భిన్నమైనది. అక్కడ మాగాణి కూడా జిరాయితీ కావచ్చును. మహారాష్ట్రనుండి వచ్చిన పత్రంలోని జిరాయత్‌ను తెలుగులో జిరాయితీ అని ఉంచితే, నీటిని గురించిన మాట హక్కును గురించిన మాటగా మారిపోతుంది.

కొలతల విషయంలోనూ ఇదే వైవిధ్యం. ఒక ఎకరం 4,840 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. ఆంధ్ర ప్రాంతంలో 100 సెంట్లు. పంజాబు, హర్యానాలలో ఎకరానికి 8 కనాల్‌లు, కనాల్‌కు 20 మర్లాలు. బీఘా అన్నిచోట్ల ఒకటి కాదు. పశ్చిమ బెంగాలులోను అస్సాంలోను అది 1,600 చదరపు గజాలు, అంటే ఎకరంలో సుమారు మూడవ వంతు. ఉత్తరప్రదేశ్‌లో పక్కా బీఘా 3,025 చదరపు గజాలు, అంటే ఎకరంలో ఎనిమిదింట అయిదు వంతులు. కచ్చా బీఘా ఇంతకంటె చిన్నది. ‘బీఘాకు ఇంత విత్తనం’ అన్న సలహా ఏ ప్రాంతానిదో తెలియకుండా పాటించడం ప్రమాదకరం. 2.47 ఎకరాలకు సమానమైన హెక్టారు ఈ చిక్కును తొలగించడానికే ప్రభుత్వ లెక్కలలోకి వచ్చినది. ఒక హెక్టారు లోపు భూమిగలవారు ‘సన్నకారు’ రైతులు; ఒకటినుండి రెండు హెక్టార్ల వరకు గలవారు ‘చిన్నకారు’ రైతులు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో సుమారు 86 శాతం ఈ రెండు తరగతులకు చెందినవే. సగటు కమతం 1.08 హెక్టార్లు.

సంచిమీది అంకెలు

ఎరువుల సంచిమీద ఉండే అంకెలు కూడా ఒక భాషయే. 10–26–26 అని ఉన్నచో నూరు కిలోల ఎరువులో 10 కిలోల నత్రజని, 26 కిలోల భాస్వరం, 26 కిలోల పొటాష్ ఉన్నవని అర్థం. ఈ వరుస మారదు. యూరియాలో నత్రజని 46 శాతం. 2018 నుండి యూరియా 45 కిలోల సంచులలో వస్తున్నది. అంతకుముందు సంచి 50 కిలోలు. పాత సంచిలో 23 కిలోల నత్రజని ఉండగా కొత్త సంచిలో 20.7 కిలోలు మాత్రమే ఉంటుంది. ‘ఎకరానికి ఒక సంచి’ అన్న వాడుక మాట ఏనాటి సంచిని గురించినదో ఆలోచించుకోవాలి. సలహా ఎప్పుడూ పోషకాన్ని గురించి ఉంటుంది. సంచి దానిని మోసే పాత్ర మాత్రమే.

విత్తనపు సంచికి కట్టే చీటీ రంగులోనూ అర్థమున్నది. శాస్త్రజ్ఞుల పర్యవేక్షణలో ఉత్పత్తి అయిన ప్రజనన విత్తనానికి పసిడి పసుపు రంగు చీటీ, దానినుండి తయారైన మూల విత్తనానికి తెల్ల చీటీ, రైతుకు అమ్మే ధ్రువీకృత విత్తనానికి నీలం చీటీ ఉంటాయి. ‘మేలురకం’, ‘సంకరజాతి’ అన్న మాటలు ఒకటి కాదు. వరిలోని సాధారణ మేలురకాల గింజలను జాగ్రత్తగా ఎంచి మరుసటి ఏడు విత్తుకొనవచ్చును. సంకరజాతి పైరునుండి తీసిన గింజలను విత్తితే తరువాతి పైరు ఏకరూపంగా ఉండదు, దిగుబడి తగ్గుతుంది. ఈ భేదం తెలియక ఇంటి గింజలు విత్తినవానికి పైరు ఎదిగిన తరువాతగాని నష్టం తెలియదు.

ధర, బీమా

‘కనీస మద్దతు ధర’ను వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ సిఫార్సుపై కేంద్ర ప్రభుత్వం 22 పంటలకు ప్రకటిస్తుంది. ఈ సంస్థ 1965లో వ్యవసాయ ధరల కమిషన్‌గా ఏర్పడి 1985లో నేటి పేరు పొందినది. బజారు ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం కొనుగోలు చేయడానికి నిర్ణయించిన ధర ఇది. ప్రకటించినంత మాత్రాన ప్రతి అంగడిలోనూ ఆ ధర దక్కుతుందని అర్థం కాదు; కొనుగోలు కేంద్రం అందుబాటులో ఉన్నప్పుడే ఆ మాటకు బలం.

ఈ ధర వెనుక ‘ఖర్చు’ అన్న మాట ఉన్నది. ఖర్చును మూడు విధాలుగా లెక్కిస్తారు. చేతినుండి నిజంగా వెచ్చించిన విత్తనం, ఎరువు, కూలి, చెల్లించిన కౌలు మొదలైనవి మొదటి లెక్క. దానికి ఇంటిల్లిపాది పడిన శ్రమ విలువను కలిపితే రెండవ లెక్క. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడిమీద వడ్డీ కూడా కలిపితే మూడవ లెక్క. ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ధర అన్న సూత్రాన్ని 2018–19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. దానిని రెండవ లెక్కకు వర్తింపజేస్తున్నారు. మూడవ లెక్కకు వర్తింపజేయాలని రైతు సంఘాలు కోరుతున్నవి. ‘ఖర్చు’ అన్న చిన్న మాటకు ఏ అర్థం చెప్పుకొంటామన్నదే ఈ వివాదానికి కేంద్రం.

2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు చెల్లించవలసిన వంతు బీమా మొత్తంలో ఖరీఫ్ ఆహారధాన్యాలకు, నూనెగింజలకు గరిష్ఠంగా 2 శాతం, రబీలో 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. ఇక్కడ ‘నష్టం’ అన్న మాటకు ప్రత్యేకార్థం ఉన్నది. సాధారణంగా ఒక్కొక్క పొలాన్ని కాక, గ్రామం వంటి ఒక ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకొని, అక్కడి సగటు దిగుబడి నిర్ణీత స్థాయికంటె తగ్గినప్పుడు నష్టమంటారు. వడగండ్లు, ముంపు వంటి స్థానిక విపత్తులకు మాత్రం పొలాన్ని విడిగా పరిశీలిస్తారు. అందుకు 72 గంటలలో తెలియజేయవలసి ఉంటుంది. తన పొలం పూర్తిగా పోయినా పరిహారం రాని రైతుకు ఈ నిర్వచనం ముందుగా ఎవరైనా విప్పి చెప్పి ఉంటే, అతని ఆశాభంగం కొంత తగ్గి ఉండేది.

రైతు ఎవరు?

చివరకు అన్నిటికంటె సామాన్యమైన మాట, ‘రైతు’. ఇది అరబ్బీలోని ‘రఇయ్యత్’ నుండి వచ్చినది. ఆ మాటకు ప్రభువు పాలనలో ఉండి అతని సంరక్షణ పొందే ప్రజ అని అర్థం. తెలుగులో సేద్యగానికి ‘కాపు’ అన్న మాట కూడా నిఘంటువులలో ఉన్నది. కాపాడేవాడు, కాపుకాసేవాడు అని దాని భావం. రఇయ్యత్ మరొకరు కాపాడవలసినవాడు. కాపు తానే పంటను కాపాడేవాడు. హిందీ ‘కిసాన్’, సంస్కృత ‘కర్షక’ శబ్దాలు దున్నడాన్ని చెబుతాయి. మరాఠీ ‘శేత్కరీ’ క్షేత్రాన్ని, తమిళ ‘ఉళవర్’ నాగలిపనిని స్మరింపజేస్తాయి. ఈ మాటలలో ఏదీ భూమి ఎవరి పేరిట ఉన్నదని అడగదు.

కచేరీ మాత్రం ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతుంది. 2019లో అమలులోకి వచ్చిన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద ఏడాదికి 6,000 రూపాయలు భూమిగల రైతు కుటుంబాలకు లభిస్తున్నవి. ఇతరుల భూమిని కౌలుకు చేసేవారు పథకం పేరులోని ‘కిసాన్’ అన్న మాటలోకి రారు. ‘కౌలు’ అన్నది అరబ్బీ ‘ఖౌల్’ శబ్దం. దాని అర్థం మాట, ఒప్పుదల. నేటికీ పల్లెలలో కౌలు చాలవరకు నోటిమాటగానే సాగుతున్నది. కాగితం లేని కారణాన బ్యాంకు అప్పు, బీమా, పరిహారం అతనికి అందడం కష్టమవుతున్నది. బంగాళంలో వర్గాదారుల పేర్లను నమోదు చేయడానికి 1978లో ‘ఆపరేషన్ బర్గా’ ప్రారంభమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినది. ఈ ప్రయత్నాలన్నిటిలోనూ కొత్తగా పుట్టిన మాట ‘సాగుదారు’. భూమి ఎవరిదైనా సాగు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానంగా ఆ మాట పుట్టినది.

స్త్రీల విషయంలో ఈ అంతరం మరీ స్పష్టం. నాట్లు, కలుపు, కోత వంటి పనులలో సగపాలు మించి స్త్రీలు కనిపిస్తున్నా, 2015–16 గణనలో కమతాలను నిర్వహించేవారుగా నమోదైన స్త్రీలు సుమారు 14 శాతమే. ‘మహిళా రైతు’ అన్నప్పుడుగాని ఆమె లెక్కలోకి రాదు. ‘రైతు’ అంటే పురుషుడే అని మన మనస్సులో స్థిరపడి ఉన్నది.

డాక్టర్ ఎం. ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్ నివేదికల అనంతరం, 2007లో జాతీయ రైతు విధానం ప్రకటితమైనది. అందులో ‘రైతు’ శబ్దానికి విశాలమైన నిర్వచనం ఇచ్చారు. సొంత భూమిగలవారితోపాటు కౌలుదారులు, పాలికాపులు, వ్యవసాయ కూలీలు, పశుపోషకులు, మత్స్యకారులు, అటవీ ఉత్పత్తులు సేకరించే గిరిజనులు కూడా అందులో చేరారు. నిర్వచనం విశాలమైనంత మాత్రాన ఆచరణ విశాలం కాలేదు. అయినా ఆ వాక్యం కాగితం మీద ఉన్నది. ఏ పథకాన్ని పరిశీలించడానికైనా అది ఒక గీటురాయి.

దేశమంతటికీ ఉమ్మడి పరిభాష అవసరమే. ఆ పరిభాష లేనిదే ఒక రాష్ట్రపు అనుభవం మరొక రాష్ట్రానికి అందదు. అయితే అది ప్రాంతాల మాటలను తొలగించి నిలబడేది కాకూడదు. ఖరీఫ్ పక్కన తొలకరి, సాంబా, ఆమన్ ఉండాలి. తేమ పక్కన పదను, హద, వత్తర్ ఉండాలి. పాఠశాల గ్రంథాలయంలో కూర్చొని ఈ మాటలను చదివే విద్యార్థి సెలవులలో ఊరికి వెళ్లినప్పుడు, తన ఇంటి పెద్దలు నేలకు, వానకు, పంటకు వాడే మాటలను ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకొనడం మంచిది. ప్రతి మాట ఎదుట అది దేనిని చెబుతున్నదో కూడా వ్రాయాలి. ఆ విద్యార్థియే రేపు బ్యాంకులోనో, వ్యవసాయ శాఖలోనో, పత్రికలోనో కూర్చొనవచ్చును. అప్పుడు పొలంనుండి వచ్చిన మనిషి ‘పదను పోయినది’ అన్నప్పుడు, ‘కౌలు చేస్తున్నాను’ అన్నప్పుడు, ఆ మాటల బరువు అతనికి గాని ఆమెకు గాని వేరుగా చెప్పవలసిన పని ఉండదు.